ఎర్ర బల్బు గది

ఆమెకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉంది. పాపం, అది సర్టిఫికెట్ల మీదే మిగిలిపోయింది. మాటలు వచ్చీరాని వయసులో, పాల మీద తేలిన మీగడ పెదవికి తగలగానే ఆ పిల్ల నోట స్పష్టంగా పలికిన మొదటి మాట "ఛీ". ఒకటి చాలదన్నట్టు వెంటనే ఇంకోటి. ఆనాటి నుంచి ఇంట్లో ఆమె ఛీఛీ. ఇప్పుడు నలభైకి దగ్గరపడింది, పేరు ముందు డాక్టరు అన్న మాట చేరింది, అయినా అక్క ఫోన్ చేస్తే "ఏమే ఛీఛీ" అనే మొదలుపెడుతుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. బస్సులో కడ్డీ పట్టుకోదు. ఎవరి పెన్నూ ముట్టదు. ఒకరు తాగిన కప్పు కడిగి ఇచ్చినా, మళ్ళీ తను కడుక్కుంటే గాని తాగదు. నలుగురూ నవ్వినా ఆ అసహ్యమే ఆమెకు అన్నం పెట్టింది. ఆమె పని జీవకణాలను పెంచడం. కంటికి కనిపించని మురికి ఒక్క చుక్క పడ్డా మొత్తం కుళ్ళిపోయే పని. అలాంటి పనికి ప్రపంచమంతా మురికిగా కనిపించే మనిషికన్నా తగినవాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

ఇక ఆమె పనిచేసే ల్యాబు సంగతి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత దానికోసమే పుట్టి ఉంటుంది. బయట దానికి ఉన్న పేరు ఇంతా అంతా కాదు. లోపల మాత్రం ఆ ల్యాబు పెద్ద, అందరూ సారు అని పిలిచే మహానుభావుడు, ఏ వేళప్పుడైనా జేబులోంచి ఉడికించిన గుడ్డు తీసి, బల్ల అంచుకు కొట్టి, పెంకులు సొరుగులో పడేసి తింటూ ఉంటాడు. వెనకాల అందరూ ఆయన్ని గుడ్లాయన అంటారు. ఆయనకు తెలుసు, మురిసిపోతాడు కూడా.

ఎవరు వచ్చినా ఆయన పాఠం ఆ గుడ్డుతోనే.

"కణం అంటే ఇదిగో, ఈ గుడ్డు అనుకోండి. చుట్టూ పొర. ఎంత మంచి మందు తెచ్చి గుమ్మంలో నిలబెట్టినా లోపలికి రానివ్వదు. మేం ఏం చేశామంటే, ఆ పొరలో ఇమిడేంత చిన్న మర తయారుచేశాం. ఇనుముది కాదండోయ్, ఒక్కటంటే ఒక్క అణువు. దానికో కాడ, కాడకో రెక్క. నీలం వెలుగు పడిందా, రెక్క గిర్రున తిరుగుతుంది. పొరలో చిల్లు పడుతుంది. మందు లోపలికి జారుతుంది. దీపం ఆర్పితే మర ఆగుతుంది, పొర మళ్ళీ అతుక్కుంటుంది. కణానికి చీమ కుట్టినట్టైనా ఉండదు!"

అంటూ బొటనవేలు కసుక్కున గుడ్డులోకి దింపి, పచ్చసొన అంటిన ఆ వేలు నాకుతాడు. అదే చేత్తో వచ్చినవాళ్ళకు షేక్ హ్యాండ్ ఇస్తాడు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా ఛీఛీ చేతులు వెనక్కి దాచుకునేది.

మర మాత్రం అబద్ధం కాదు. తయారుచేసినవాళ్ళు గట్టివాళ్ళు. వెలుగు పడితే అది తిరుగుతుందని ఎన్ని విధాలుగా చూడాలో అన్ని విధాలుగా చూశారు. తేలాల్సింది ఒక్కటే. బతికున్న కణంలోకి, దాన్ని చంపకుండా, అది సరుకు చేర్చగలదా?

అందుకు పెట్టుకున్న పద్ధతి ఇది. మామూలు లైటు తగిలినా మర ముందే తిరిగేస్తుంది కాబట్టి, కణాలు పెరిగే పళ్ళాల్లో, అంటే ప్లేట్లలో, మర కలిపినవన్నీ లోపలి గదిలో, ఒక్క ఎర్ర బల్బు కింద ఉండాలి. ఎరుపుకు మర చలించదు. మర కలపని ప్లేట్లకు ఆ బాధ లేదు గనుక అవి బయటి గదిలో, ఛీఛీ దగ్గరే, ట్యూబులైట్ల కింద పెరుగుతాయి. చివర్లో రెండు రకాల ప్లేట్లలోనూ ఆకుపచ్చగా మెరిసే రంగు పోస్తారు, నీలం వెలుగు చూపిస్తారు, మైక్రోస్కోపు కింద పెడతారు. రంగు లోపలికి పోయిన కణం మెరుస్తుంది, పోనిది మెరవదు. ఏ వారం చూసినా లోపలి గది ప్లేట్లు ఆకుపచ్చగా మెరిసేవి. ఛీఛీ ప్లేట్లు చీకటిగా ఉండేవి. తేడా అంత స్పష్టంగా కనిపిస్తుంటే చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

లోపలి గదికి అధిపతి దీపాలాయన. దీపాలు వెయ్యడం, ఆర్పడం, మెరుపులు ఫొటోలు తియ్యడం ఆయన పని. ఆ గదిలో తెల్ల లైటు వేసి ఏళ్ళయింది. దాని స్విచ్ మీద టేపు అతికించి, "వేస్తే చేతులు విరుగుతాయి" అని రాసిపెట్టాడు. ఛీఛీ ఒక్కసారి ఆ గదిలో అడుగుపెట్టింది. చెప్పు నేలకు అంటుకుని, చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. మూలన కప్పులు ఒకదానిలో ఒకటి దొంతర పేర్చి ఉన్నాయి, పై కప్పులో బూజు మెత్తగా పెరిగి ఉంది. "ఛీఛీ" అనేసి బయటికి వచ్చిన మనిషి మళ్ళీ అటు చూడలేదు. గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి, మర కలపాల్సిన ప్లేట్లు అందించడం, కిటికీ మూసి చేతులు కడుక్కోవడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంది.

ఇప్పుడు అక్క గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పోయేదేదైనా ఉంటే అది అక్కదే.

అక్క టైలరు. చూపుతోనే కొలతలు చెప్పేసే రకం. కుడి కంట్లో చూపు ఎప్పుడో పోయింది. కంటి వెనక పొర కింద నీరు చేరే జబ్బు. ఎడమ కంటికీ అదే మొదలైతే, కంటి డాక్టరమ్మ నెలనెలా అందులో ఇంజెక్షన్ ఇస్తూ దాన్ని నిలబెట్టుకొస్తోంది. మొదటిసారి తోడుగా ఛీఛీయే వెళ్ళింది. రెప్పలు మూసుకోకుండా తీగ క్లిప్పు పెట్టి లాగారు. తడితడిగా మెరుస్తూ కనుగుడ్డు మొత్తం బయటపడింది. దాని తెల్లదనంలోకి సూది దిగడం చూసి ఛీఛీ బాత్రూముకు పరుగెత్తి, ఖాళీ కడుపుతో కక్కుకుంది. చూపున్న కంటికి కట్టుతో, గోడ తడుముకుంటూ అక్కే వచ్చి వీపు నిమిరింది.

"సూది నీకు గుచ్చారా నాకు గుచ్చారా?" అని నవ్వింది కూడా. ఆ తర్వాత నుంచి తోడు వెళ్ళేది బావే.

ఆ అక్క ఒకరోజు ఇంటి తాళంచెవి ఇవ్వడానికి ల్యాబుకు వచ్చింది. సారు చూశాడు, పలకరించాడు, కన్ను సంగతి విన్నాడు. ఇంకేముంది, గుడ్డు బయటికి వచ్చింది.

"సూదే అక్కర్లేదమ్మా! చుక్కల మందు వేస్తాం, కంట్లోకి దీపం చూపిస్తాం, మర తిరుగుతుంది, మందు చేరాల్సిన చోటికి చేరుతుంది. వచ్చే ఏడాది మనుషుల మీద మొదలుపెడతాం. మొదటి కన్ను మీదే. కాకపోతే పాత మందు నిండిన కన్ను పనికిరాదు. ఖాళీగా ఉంచుకోవాలి, మరి!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అప్పటికి ఇంకా ఎలుక కన్ను కూడా చూడలేదు ఆ మర. ఛీఛీ అక్కడే నిలబడి ఉంది. "అంత దూరం రాలేదక్కా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ సూది గుర్తొచ్చి, ఆ మాట అనలేదు.

అక్క ఒక నెల ఇంజెక్షన్ మానేసింది. తర్వాతి నెలా మానేసింది. బావ గొడవపడితే, "నా చెల్లెలు చేస్తున్న మందే వస్తోంది, మీకేం తెలుసు?" అని గర్వంగా నోరు మూయించింది. ఆపైన చెల్లెలికి ఒక చొక్కా కుట్టి తెచ్చింది. ఛీఛీ వేసుకుని చూసుకుంటే గుండీ ఒక చోట, కాజా ఇంకో చోట. అక్క చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. చొక్కా విప్పి మడత పెడుతుంటే ఛీఛీకి మొదటిసారి భయం వేసింది.

"ఇంజెక్షన్‌కి వెళ్ళక్కా. దీనికింకా టైం పడుతుంది" అంది.

"మీ సారు ఖాళీగా ఉంచమన్నాడుగా. ఇంత ఓర్చుకుని ఇప్పుడు పాడుచేసుకోనా? పోనీ, ఒకసారి ఆ మర పనిచేసేది నాకు చూపించు. నా కంటితో చూస్తే ధైర్యంగా ఉంటుంది."

సారుకు చూసేవాళ్ళు దొరికితే పండగే. వెంటనే రమ్మన్నాడు. అలా, ఒక మధ్యాహ్నం, అక్క చెయ్యి పట్టుకుని ఛీఛీ మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టాల్సి వచ్చింది.

తలుపు మూసుకోగానే అంతా ఎరుపూ నలుపూ. చెప్పులు నేలకు అంటుకుని టపటపమంటున్నాయి. గుడ్ల వాసన, ఉతకని కోటు వాసన. వాటి అడుగున ఇంకేదో పుల్లటి వాసన. అక్క ముక్కు చిట్లించింది.

"నానబెట్టి మరిచిపోయిన గుడ్డల వాసన వస్తోందే."

"నా గుడ్లమ్మా, గుడ్లు!" అని సారు పకపకా నవ్వాడు.

దీపాలాయన గ్లౌజులు లేని చేత్తో ఇంక్యుబేటర్ తలుపు తెరిచాడు. ఇంక్యుబేటర్ అంటే ఒంటి వేడి ఉండే చిన్న బీరువా, కణాలు పెరిగేది అందులోనే. అక్క ముందుకు వంగబోయి, అడ్డుగా ఉన్న స్టూలు కనిపించక తూలింది. ఆమెను పట్టుకోబోయి ఛీఛీ చెయ్యి ఊతం కోసం బీరువాలోకే పోయింది, అడుగున ఉండే నీళ్ళ తట్టలో పడింది. లోపల గాలి తేమగా ఉండాలని పెట్టే మంచినీళ్ళు అవి. చేతికి నీళ్ళు తగల్లేదు. బెండకాయ జిగురులాంటిదేదో గోరువెచ్చగా వేళ్ళ మధ్యకు ఎక్కింది. చెయ్యి పైకి తీస్తే అది తీగలా సాగి, తెగి, మణికట్టు మీద పడింది.

ఆమె అరవలేదు. అరవడానికి ఊపిరి తీసుకోవాలి, ఆ గాలి పీల్చడం ఇష్టం లేకపోయింది.

"ఈ నీళ్ళు ఎప్పుడు మార్చారు?" అంది చివరికి.

"మార్చడం ఎందుకు మేడం? తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాగా" అన్నాడు దీపాలాయన.

"ప్లేటు ఒకటి ఇవ్వండి."

ఎర్ర బల్బుకు ఎత్తి పట్టుకుని చూసింది. కణాల మేతలో, అంటే అవి పెరిగే ద్రవంలో, ఒక రంగు కలిపి ఉంటుంది. అవి బాగున్నంత కాలం మేత గులాబి రంగులో ఉంటుంది. కుళ్ళు మొదలైతే పులిసి, పసుపు తిరుగుతుంది. చంటిపిల్లవాడి ఒంటి మీద చెయ్యి వేసి జ్వరం చూసినట్టు, కణాలు పెంచేవాళ్ళు రోజూ ముందు చూసుకునేది ఆ రంగే. ఈ ప్లేటు ఏ రంగులో ఉంది? ఏ రంగులోనూ లేదు. పాలిపోయినట్టుంది, అంతే. పక్కన గ్లౌజుల డబ్బా కనిపించింది. దాని మీద ఎర్ర అక్షరాలు ఉండాలి, బయటి గదిలో రోజూ చూసే డబ్బానే. ఇక్కడ అక్షరాలు లేవు, డబ్బా తెల్లగా ఉంది. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఎర్ర బల్బు కింద ఎరుపూ తెలుపూ ఒకటే. గులాబీ పసుపూ ఒకటే. ఏళ్ళ తరబడి దీపాలాయన ఈ ప్లేట్లను రోజూ చూసి, "బాగున్నాయి" అని చెప్తూ వస్తున్నాడు.

"నాకేం కనిపించడం లేదే ఛీఛీ" అంది అక్క. "ఆ లైటేదో వెయ్యకూడదూ?"

"లైటు వేస్తే మర తిరిగిపోతుందమ్మా, వారం పని గంగలో కలుస్తుంది" అన్నాడు సారు.

ఛీఛీ జిగురు చేత్తోనే స్విచ్ మీది టేపు పీకి, లైటు వేసింది.

వెయ్యకుండా ఉంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది, అంత రోతగా ఉంది ఆ గది. బల్ల కింద గుడ్డు పెంకులు, వాటి మీద బొద్దింక రెక్కలు. మైక్రోస్కోపు పక్కన వేలిముద్రల జిడ్డు. కప్పుల మీద బూజు బొచ్చులా వేలాడుతోంది. ఇంక్యుబేటర్ అద్దానికి లోపలి వైపు నల్లటి చుక్కలు. నీళ్ళ తట్ట సంగతి చెప్పకపోవడమే మేలు. ఇక ఆ తట్ట పైన, అరల నిండా వరసగా పేర్చిన ప్లేట్లు. ప్రతి ఒక్కటీ పసుపు. చిక్కటి, మబ్బు పట్టిన పసుపు.

"మేడం! ఏం చేశారు!" దీపాలాయన మొహం చేతులతో కప్పుకున్నాడు.

"ప్లేట్లన్నీ నాశనం చేశావు" అన్నాడు సారు.

"అవి ఎప్పుడో నాశనమయ్యాయి సార్. చూడండి. కుళ్ళి చచ్చాయి. చచ్చిన కణానికి తలుపేముంటుంది, ఏది పోసినా లోపలికి పోతుంది. మన మర తిరిగిందో లేదో దేవుడికెరుక. శవాల నోట్లో మందు పోసి, మింగాయి మింగాయి అని చప్పట్లు కొట్టించుకున్నాం."

"మరి నీ ప్లేట్లలోకి రంగు పోలేదుగా? వాటితో పోల్చే కదా చెప్పాం!"

"నావి తెల్ల లైటు కింద పెరిగాయి సార్. పసుపు తిరిగితే ఆ పూటే పారేస్తాను. మీరు నా బతికున్నవాటిని తెచ్చి మీ చచ్చినవాటి పక్కన పెట్టారు."

దొంగకు తేలు కుట్టినట్టయింది సారుకు. ఎంతోసేపు మాత్రం కాదు. గొంతు సవరించుకున్నాడు, జేబులో చెయ్యి పెట్టాడు, గుడ్డు తీశాడు. ఆ సమయంలో కూడా!

"ఒక వారం కుళ్ళితే అన్ని వారాలూ కుళ్ళాయా? తట్ట కడిగించు, కొత్తవి పెడదాం. ఫొటోలు ఫొటోలే. ఈ మాట ఈ గది దాటకూడదు." తర్వాత అక్క వైపు తిరిగి, తేనె పూసిన గొంతుతో అన్నాడు. "చిన్న శుభ్రత సమస్య, అంతేనమ్మా. మీరేం కంగారు పడకండి. ఆ కన్ను అలాగే ఖాళీగా ఉంచండి."

"ఛీ" అంది ఛీఛీ.

జీవితంలో మొదటిసారి ఒక్కసారే అంది. రెండోది అవసరం పడలేదు.

అక్క ఇదంతా కదలకుండా వింది. ఎదురుగా చూస్తే మధ్యలో మచ్చ అడ్డొస్తుంది గనుక, తల పక్కకు తిప్పి, కంటి చివరి నుంచి అరల వైపు చూసింది.

"ఏ రంగులో ఉండాలే అవి?"

"గులాబి రంగులో అక్కా."

"నాకు పసుపే కనిపిస్తోంది" అంది అక్క. చెల్లెలి వైపు తిరిగి, "నాకు కనిపించింది ఇన్నాళ్ళూ వీళ్ళకెలా కనిపించలేదు?" అంది.

బయటికి వచ్చాక ఛీఛీ సింకు దగ్గర చెయ్యి రుద్దీ రుద్దీ ఎర్రగా చేసుకుంది. అక్క గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకు ముందే తెలియదా?"

"కుళ్ళిన సంగతి తెలియదక్కా. ఒట్టు. కానీ మందు అంత త్వరగా రాదని తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"ఆ సూది..." ఛీఛీ కుళాయి కట్టేసింది. "ఆ సూది తలుచుకుంటేనే నాకు కడుపులో తిప్పుతుంది. అది లేకుండా పోతే బాగుండుననిపించింది."

"సూది నా కంట్లో కదే దిగేది" అంది అక్క. గొంతు పెంచలేదు. "నేను ఓర్చుకున్నాను. నువ్వే ఓర్చుకోలేకపోయావు."

గదిలో చూసిన మురికినంతా అసహ్యించుకున్న మనిషికి, ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. కంపు కొడుతోందని కిటికీ మూసుకుని కూర్చుంది తనే. లోపలికి వెళ్ళి ముక్కు పెట్టి ఉంటే మొదటి నెలలోనే తెలిసిపోయేది, కుళ్ళు వాసన పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. పట్టాల్సిన చోటికి ఆ ముక్కు పోలేదు.

మర్నాడు ఆమె ఆ ల్యాబు నడిపే సంస్థ పెద్దల దగ్గరికి వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పింది. సారు ఆమెతో మాటలు మానేశాడు. ఆమెకు అది శిక్షలా అనిపించలేదు. ఇంక్యుబేటర్ తనే కడిగింది, కొత్త కణాలు పెంచింది, ఈసారి రెండు రకాల ప్లేట్లనూ ఒకే గదిలో పెట్టింది. రోజూ ఒక ప్లేటు బలిచ్చి, తెల్ల లైటు కింద రంగు చూసింది. అన్నీ గులాబీయే. చివర్లో మెరిసింది అక్కడొకటి, ఇక్కడొకటి. బతికున్న కణాలే మెరిశాయి. అంత కొంచెంతో ఎవరి కన్నూ నిలబడదు.

ఆ వారంలోనే కంటి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ అక్షరాల పలక చూపించింది. అంతకుముందు అక్క చదివిన వరసలు ఇప్పుడు చదవలేకపోయింది.

"పోయిన చూపు తిరిగి రాదమ్మా" అంది డాక్టరమ్మ. "ఉన్నది నిలబెడదాం. ఇక ఒక్కటి కూడా మానకండి."

"సూదిలో దారం ఎక్కించగలనా?" అని అడిగింది అక్క.

డాక్టరమ్మ అక్షరాల పలక పక్కన పెట్టింది. "ఎవరైనా ఎక్కించి ఇస్తే కుట్టుకోవచ్చు" అంది.

అక్కను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టారు. బావ లోపలికి రాబోతే ఛీఛీ ఆపి, తను వెళ్ళి పక్కన కూర్చుంది.

"దీన్ని బయటికి పంపించండి డాక్టరుగారూ" అంది అక్క, మొహం పైకప్పు వైపే ఉంచి. "దీనికి పడదు. మళ్ళీ కక్కుకుంటుంది."

ఛీఛీ కదలలేదు. క్లిప్పు పెట్టారు. రెప్పలు వెనక్కి పోయాయి. కనుగుడ్డు తడిగా, నగ్నంగా బయటపడింది, ఎర్రటి సన్న నరాలతో సహా. సూది దాని తెల్లదనం మీదికి వచ్చి ఆగింది. ఛీఛీ నోట్లోకి చేదునీళ్ళు వచ్చాయి. మింగింది. సూది దిగింది. ఆమె కళ్ళు మూసుకోలేదు, బయటికి వచ్చేదాకా చూసింది.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయిందక్కా."

"ఛీ అనలేదేమే?"

ఛీఛీ అక్క చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

"వచ్చే నెల కూడా నేనే వస్తాను" అంది. "దారం కూడా నేనే ఎక్కించి ఇస్తాను."